మరక కోత

నులక మంచం మీద ఎల్స్‌పెత్ దొరసాని వెల్లకిలా పడుకుంది.
తలాపున, తనకి కనపడకుండా, నేను పీట వేసుకున్నాను.
వాళ్ళ దేశంలో ఈ పీట చోటు ఆవిడదట.
నలభై ఏళ్ళు పరాయివాళ్ళ కలలు విన్న చెవులు
నరసాపురంలో, మా వసారాలో,
చింతగింజల బస్తా పక్కన ఖాళీగా ఉన్నాయి.

"ఏమీ అనక్కర్లేదు సువార్తా, వింటే చాలు."
వినడానికేం. చేతిలో కొక్కెం, ఒళ్ళో దారపుండ.
మిషను బడిలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పినదాన్ని,
తప్పు వినపడితే నాలుక ఊరుకోదు, అదొక్కటే భయం.

మొదటి రోజు వాళ్ళ మామ్మ డైరీ చదివింది.
ఓడ దిగి మా ఆడవాళ్ళకి లేసు నేర్పిన మామ్మ.
"దారం ఇవ్వబడింది. చేతులు పరీక్షించబడినవి.
మరకకు ఒక అణా కోయబడినది."
ఆగలేకపోయాను.
అన్నం తినబడింది అని మా పేటలో ఎవరూ అనరండి.
ఎవరు కోశారు? కర్త ఏది?
మంచం కిర్రుమంది.
చాలాసేపు నులకే మాట్లాడింది.

చేతులు చాచి నిలబడ్డ వరసలో
మా మామ్మ ఉంది. అది డైరీలో లేదు.

రెండో రోజు, ఐదేళ్ళ పిల్ల బల్ల కింద దాక్కుంది.
బల్ల మీంచి వేలాడేది మా ఊరి లేసే.
దీపం వెలుగు కన్నాల్లోంచి జారి
దారం నీడ చేతులనిండా పూసిందట, నల్లపూలు.
"చూడు, నాకు రంగొచ్చింది!" అని పరిగెత్తితే
మామ్మ సబ్బు పెట్టి తోమింది,
నీడ బల్ల కిందే ఉండిపోయినా
తోలు కందేదాకా తోమింది.
"అరవై ఏళ్ళు ఇది మరిచాను" అంది పైకప్పుతో.
"రంగు ఎప్పుడూ పక్కవాళ్ళకి ఉండేది.
నాకు పేరుండేది."

నా రంగు నన్నెవరూ మరవనివ్వలేదు.
బొడ్డు కోస్తూనే మంత్రసాని చెప్పేసింది.
బడి ఫోటోలో పౌడరు దట్టించిన నా మొహం
బూడిదలో దొర్లిన వంకాయ.
చెబుదామనుకున్నాను. వినే చోట కూర్చున్నాను కదా,
మింగాను.
మింగడం లేసుకంటే ముందు నేర్చిన పని.

మూడో రోజు తన పద్యాల పుస్తకం.
గోదారి ఎర్రనీరుంది, కొబ్బరాకు పచ్చదనముంది,
వలంధర రేవులో పడవల నీలముంది,
నా చేతులు కూడా ఉన్నాయి, మర్యాదకి "గోధుమ" అంది.
"నేను" అన్న చోట మాత్రం ఏ విశేషణమూ లేదు.
తెల్లకాగితం మీద సున్నంతో రాసినట్టు.

నా రంగుని మీ భాషలో ఏమంటారంది.
తెలుపు.
తెలుపు అంటే చెప్పు అని కూడానండి, అన్నాను.
తెల్లబోయింది.
ఆ మాటకి అర్థం అడగలేదు, నేనూ చెప్పలేదు.

లేచి కూర్చుని నా ఒళ్ళోకి చూసింది.
"ఇది మాసిపోయి ఉందే!"
అల్లేటప్పుడు అంతేనండి. చెమట, పొయ్యి మసి, చంటిదాని ఉమ్ము.
మీ బల్ల మీదికొచ్చింది ఉతికాక.
"ఎవరు ఉతుకుతారు?"
ఈసారి కర్త పెట్టి అడిగింది.
నూకరత్నమని, మాధవాయిపాలెం దారిలో ఉంటుంది.
బ్లీచింగు నీళ్ళకి గోళ్ళ చుట్టూ
దాని తోలు తెల్లగా పాలిపోయింది.

ఆ రాత్రి ఇక్కడే నిద్రపోయింది.
నేను కొక్కెం దించలేదు.
కోడి కూశాక, తెల్లవారిందండీ, అన్నాను.
ఉలిక్కిపడి లేచింది.
ఆదివారం గుళ్ళో పాస్టరుగారు
మైకులో తనని పిలిచిన మాట అదే.
"ఎవరు?"
ఎవరూ కాదండి. పొద్దు.

దిండు కింద డబ్బు పెట్టి వెళ్ళింది,
యాభై నిమిషాలకి ఎంతో అంత, మూడు రోజులకి.
దారపుండ కిందే ఉంది ఇంకా.
ఖాతా పుస్తకం తెరిచి కూర్చున్నాను.
తీసుకోబడినది అని రాయనా,
తీసుకున్నాను అని రాయనా.